శవాల గదిలో కంప్యూటర్

దవాఖాన వెనకనున్న ఆ గదికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. ఒకప్పుడది శవాల గది. మొత్తం దవాఖానలో ఏసీ ఉన్నది అక్కడే గనుక, కంప్యూటర్ వచ్చిన ఏడాది శవాలను వరండాలోకి మార్చి, దాన్ని లోపల పెట్టారు. రెండింటిలో ఏది ముందు పాడవుతుందో పెద్దలు ఆలోచించే ఉంటారు.

అక్కడ కంప్యూటర్ పని చూసిన సుహాసిని చెప్పిన సంగతి ఇది.

తెల్లవారితే కంటి ఆపరేషన్ల శిబిరం. తెలకపల్లి, గోపాల్‌పేట వృద్ధులకు ఒకే బస్సు. కంప్యూటర్లోని రోగుల పట్టీ నుంచి బతికున్నవారిని ఏరి, సీట్లకు సరిపడా పేర్లు తీయాలి. గోపాల్‌పేట కిష్టమ్మకు ఒక కన్ను అప్పటికే పోయింది, రెండోది మసకబారుతోంది. ఈ బస్సు తప్పితే ఆ కన్నూ దక్కదు.

మధ్యాహ్నమే జాబితా సూపరింటెండెంటు సంతకంతో పైకి పోయింది. బస్సు దగ్గర పిలవడానికి నకలు కావాలని, పొద్దు గూకాక సుహాసిని మళ్లీ ప్రింటర్ నడిపింది.

“తెలకపల్లి దేవమ్మ…” అని చదివింది.

కాపలాదారు ఖాజా మియా చేతిలోని టార్చి జారిపడింది.

“జర మల్ల చదువు బిడ్డా…”

“దేవమ్మ.”

“ఆమెను పోయిన నెల నేనే… గా వరండల్నించి బండెక్కిచ్చిన.”

తరువాతి పేరు — అతడూ పోయినవాడే. ఆ తరువాతిదీ… మళ్లీ తీసింది. మళ్లీ వాళ్లే వచ్చారు, అదే వరసలో.

“వరండల ఉక్కపోస్తుందేమో బిడ్డా,” ఖాజా మియా గుసగుసలాడాడు. “ఏసీ కోసం వచ్చిండ్రు.”

అప్పుడు ఆమె గమనించింది — పోయినవాళ్లంతా తెలకపల్లి వాళ్లే. గోపాల్‌పేట పేర్లలో పోయినవాళ్లు ఒక్కరూ లేరు! పేర్లు ఏరమని తాను కంప్యూటర్‌కు రాసిన షరతు చూసుకున్నది: ‘తెలకపల్లి లేదా గోపాల్‌పేట, మరియు బతికున్నవారు.’ రెండు ఊళ్లనూ కలిపి బ్రాకెట్లో పెట్టలేదు. బతికుండాలన్న నియమాన్ని యంత్రం గోపాల్‌పేటకే అంటగట్టి, తెలకపల్లిని శ్మశానంతో సహా తెచ్చింది.

బ్రాకెట్ పెట్టింది. దయ్యాలు మాయమయ్యాయి. ఆ ఖాళీల్లోకి కిష్టమ్మ పేరు వచ్చింది.

వెంటనే సూపరింటెండెంటుకు ఫోన్ చేసింది.

“మంజూరైన లిస్టమ్మా అది. ఒక్క పేరు గూడ మార్చరాదు.”

“సార్, వాళ్లు సచ్చిపోయిండ్రు…”

“అది వాళ్ల సొంత విషయం.”

తెల్లవారి గోపాల్‌పేటలో బస్సు ఆగింది. జాబితాలో లేకున్నా కిష్టమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. తెలకపల్లిలో ఎక్కని పేర్లను కాంపౌండరు మళ్లీ పిలిచాడు — “దేవమ్మ!”

ఇంకోసారి పిలిచాడు.

బస్సుతో వచ్చిన ఖాజా మియా కిష్టమ్మ చెవిలో ఏదో గొణిగాడు.

“ఉన్న సారూ!”

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు డాక్టరు కట్టు విప్పి అడిగాడు. “దేవమ్మా, కనిపిస్తుందా?”

కిష్టమ్మ అతని భుజం మీదుగా తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

“మంచిగ కనిపిస్తుంది సారూ… తలుపు కాడ ఒక అవ్వ నిలబడ్డది.” గొంతు తగ్గించింది. “నా పేరు నాకియ్యి అంటుంది.”