దురదపెట్టె

ఆ ఏడాది పీహెచ్‌డీ సీట్ల నోటిఫికేషన్ పడగానే విశాఖపట్నంలో కుర్రకారంతా నెత్తికి పట్టీలు కట్టేశారు. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ వెంట తిరిగే బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, గుడి మెట్ల మీద ఎక్కడ చూసినా అవే. నుదుటి చుట్టూ సన్నటి బూడిదరంగు పట్టీ, చెవి వెనక పెసరగింజంత దీపం. దీపం పచ్చగా వెలిగితే ఆ మనిషికి ఏదో తెలుసుకోవాలని ఉన్నట్టు. వెలగకపోతే లేనట్టు.

"ఏరా, వెలిగిందా?"

"ఎక్కడిదిరా బాబూ! పొద్దున్నుంచీ పాలపుంత గురించే ఆలోచిస్తన్నాను. ఒక్క మినుకు లేదు!"

2076లో స్నేహితులు ఎదురుపడితే పలకరింపులు ఇలాగే ఉండేవి. నవ్వుకోండి, పరవాలేదు. వాళ్లకి మాత్రం అది నవ్వులాట కాదు.

ఇదంతా ఎందుకొచ్చిందంటే, అప్పటికి మార్కులకి విలువ పోయింది. అందరికీ నూటికి నూరే. పరిశోధన ప్రతిపాదనలు ఎవరివి తిరగేసినా చక్కగా, తీరుగా ఉండేవి, ఎందుకంటే అన్నీ కృత్రిమ మేధ రాసిపెట్టినవే. ప్రయోగాలు యంత్రాలే చేసేవి, ఫలితాలు అవే విశ్లేషించేవి. మనిషికి మిగిలిన పని ఒక్కటే, ప్రశ్న అడగడం. అందులోనూ మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం సీట్లకి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. మనసు గురించి మనిషే అడగాలని అందరి పట్టుదల. మరి వేలమందిలో నిజంగా ప్రశ్న ఉన్నవాణ్ణి పోల్చుకోవడం ఎలాగ?

దానికి దారి కనిపెట్టిన మనిషి ప్రొఫెసర్ సమన్విత. పేరు వినగానే పెద్దావిడని తెలిసిపోతుంది, అవి ఆ కాలపు పేర్లు. ఇప్పటి పిల్లలకి పైడమ్మ, అప్పలనరసమ్మ అని పెట్టుకోవడమే ఫ్యాషన్.

జవాబు కోసం మనసు ఆత్రపడుతున్నప్పుడు నడిమెదడులోని డోపమీన్ కణాలు, జ్ఞాపకాల్ని భద్రపరిచే హిప్పోకాంపస్ ఒకే తాళంలో కొట్టుకుంటాయి. ఆ తాళానికి సమన్విత 'ఆకలి అల' అని పేరు పెట్టింది. ఆ అల బలాన్ని సున్నా నుంచి నూరు వరకు కొలిచి చూపించే సాధనమే జిజ్ఞాసామాపకం. డెబ్భై దాటితే సీటు. అయితే ఏం తెలుసుకోవాలని ఉందో మాత్రం అది చదవదు. "ఎంత ఆకలో తెలిస్తే చాలు, ఏ కూర మీదో మాకు అక్కర్లేదు" అని సమన్విత సభల్లో గర్వంగా చెప్పేది. ఒకరి మనసులోకి తొంగి చూడకూడదన్న మర్యాద అది. కుర్రాళ్లకి ఈ మర్యాదలతో పనేముంది! జిజ్ఞాసామాపకం అనడానికి నోరు తిరగక దురదపెట్టె అన్నారు. ఆ పేరే స్థిరపడింది.

ఇంటర్వ్యూల రోజున ఆ దురదపెట్టె తల్లికే కాలు ఒక చోట నిలవడం లేదు. తూర్పుతీర మనోనాడీ పరిశోధన సంస్థ మూడో అంతస్తు వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కిటికీ తీసింది, గాలి ఎక్కువైందని మూసింది. కళ్లజోడు తుడిచి పెట్టుకుని, తుడిచానా లేదా అని మళ్లీ తీసి తుడిచింది.

కారణం ఎవరికీ చెప్పుకునేది కాదు. ఈ ఏడాది నుంచి అభ్యర్థులతో పాటు గైడ్లు కూడా పట్టీ కట్టుకోవాలి. డెబ్భై రాకపోతే గైడ్‌షిప్ రద్దు, ల్యాబ్ తాళం వేరే వాళ్లకి. ఈ నిబంధన రాసిందీ, దాని కింద మొదటి సంతకం పెట్టిందీ సమన్వితే. యంత్రం కనిపెట్టిన కొత్తలో, తన ముల్లు తొంభైల్లో ఆడుతున్న రోజుల్లో, దర్జాగా పెట్టిన సంతకం. అమలుకి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. కిందటి వారం ఇంట్లో తలుపేసుకుని పట్టీ కట్టుకుని చూసుకుంటే ముప్పై ఒకటి వచ్చింది. తిమింగలాల నిద్ర గురించి ఆలోచించింది, ముప్పై ఒకటి. పుట్టుగుడ్డివాళ్ల కలల గురించి ఆలోచించింది, ముప్పై. ఒకప్పుడు ఈ ప్రశ్నలకే తిండి మానేసి తిరిగిన మనిషి! ఆ ల్యాబ్ తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. అది పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలియదు.

ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. పక్క కుర్చీలో డైరెక్టర్ అద్విక్, ఎదురుగా అభ్యర్థి, మధ్యలో గుండ్రటి పలక మీద ముల్లు. మొదటి కుర్రాడు మనిషిలో చేతన ఎక్కడ పుడుతుందన్న దాని గురించి ఏదో వల్లించాడు. ముల్లు చకచకా పైకి వెళ్లింది.

"ఆకలి, తొంభై ఆరు" అంది యంత్రం.

రెండో అమ్మాయికి తొంభై మూడు. మూడో వాడికి తొంభై ఐదు. అద్విక్ పొంగిపోయాడు. "ఏం బ్యాచ్ మేడమ్! ఇన్నాళ్లకి మన రాష్ట్రం బాగుపడింది."

సమన్వితకి ఏదో తేడాగా అనిపించింది. తొంభై ఆరు వచ్చిన కుర్రాడు ఆవిడ అడిగిన చిన్న ప్రశ్నకి "ఏమన్నారండీ?" అని రెండుసార్లు అడిగాడు. అంత ఆకలి ఉన్నవాడు వడ్డించిన విస్తరి వైపు చూడడా?

తర్వాత పైడమ్మ వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. నూలు చీర, చెదిరిన జుట్టు, గోళ్లు కొరికిన చేతులు. కూర్చోగానే ఒక్క గుక్కలో చెప్పేసింది. "మా నాయనమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయిందండి. మనం చెప్పేది కూడా అర్థం కాదు. కానీ పక్కన ఎవరైనా నవ్వితే తనూ నవ్వుతాది. మాట పోయినా నవ్వు మెదడులో ఎక్కడ మిగిలిందో తెలుసుకోవాలండి."

"ఆకలి, తొంభై ఎనిమిది."

అద్విక్ బల్ల చరిచాడు. సమన్విత మాత్రం ముల్లు వైపు కాకుండా పిల్ల కళ్లలోకి చూసింది. "మీ నాయనమ్మ ఒక్కత్తీ ఉన్నప్పుడు నవ్వుతుందా?"

"ఆఁ? ఏటన్నారు మేడమ్?"

సమన్విత కుర్చీ వెనక్కి జరిపింది. "అద్విక్ గారూ, మీరు వెళ్లి టీ తాగి రండి. ఈ అమ్మాయితో నాకు కొంచెం పనుంది."

ఆయన బయటికి వెళ్లగానే తలుపు వేసి వచ్చి కూర్చుంది. "పట్టీ తీయకు. ఇప్పుడు మీ నాయనమ్మ నవ్వు గురించి ఆలోచించు."

పైడమ్మ కళ్లు మూసుకుంది. ముల్లు దిగి నలభై మూడు దగ్గర ఆగింది.

"ఇందాక దేని గురించి ఆలోచించావో, ఇప్పుడు దాని గురించి ఆలోచించు."

పాపం, పిల్ల ముఖం జేవురించింది. ముల్లు ఒక్క గెంతున తొంభై ఎనిమిదికి ఎగిరింది.

"నిజం చెప్పమ్మా. ఎవరు నేర్పారు నీకిది?"

పైడమ్మకి ఏడుపొక్కటే తక్కువ. "విహాన్ మాస్టారండి. గాజువాకలో కోచింగ్ సెంటరుంది. పాఠాలేం చెప్పరండి. పరీక్ష రోజు పొద్దున్న ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి మనకి తెలిసినోళ్ల కథ ఒకటి సగం చెప్తారు. సరిగ్గా అసలు సంగతి దగ్గర ఆపీసి, మిగతాది సీటొచ్చాక చెప్తానంటారు. ఇంక అదే బుర్రలో తిరుగుతాది. ఆ చేతన అబ్బాయి లేడండీ, తొంభై ఆరు వచ్చినోడు? అది వాళ్ల మేనత్త పెళ్లి పీటల మీద ఎందుకు ఆగిపోయిందనండి."

"చేతన గురించి కాదా?"

"చేతనకి వాడికి ఇరవై కూడా రాదండి."

సమన్విత ముల్లు వైపు చూసింది. జీవితం ధారపోసి చేసిన సాధనం! విశ్వరహస్యాల మీద ఆకలి కొలుస్తుందనుకున్నది ఊళ్లోవాళ్ల గుట్టు మీద ఆకలిని కొలుస్తోంది. పైగా దానికి అదే ఎక్కువ ఆకలిగా కనిపిస్తోంది.

"ఫలితాలన్నీ రద్దు చేయిస్తాను" అంది లేచి. "ఇవాళే రిపోర్టు రాస్తాను. సిగ్గుండాలి మీకు!"

"చెయ్యండి మేడమ్" అంది పైడమ్మ. ఏడుపు పోయి ఆ గొంతులోకి రోషం వచ్చింది. "ఇదివరకు రెండుసార్లు నిజం ప్రశ్నతోనే వచ్చానండి. ఒకసారి నలభై, ఒకసారి ముప్పై తొమ్మిది. ఇంటి దగ్గర నాయనమ్మ మంచం పక్కన కూచుంటే పట్టీ దీపం ఆరదు. ఇక్కడ కూచోగానే సీటొస్తాదా రాదా అన్న భయం తప్ప ఇంకేమీ మిగల్దు. వయసు దాటిపోతంది, నాకిదే ఆఖరు. ఎంత ఆకలని అడుగుతాది గానీ మీ పెట్టె, ఎంత భయమని అడగదు కదండి!"

సమన్విత నెమ్మదిగా మళ్లీ కూర్చుంది. ముప్పై ఒకటి అన్న అంకె గుర్తొచ్చింది. ఈ పిల్లని రెండుసార్లు వెనక్కి పంపింది తనే. తనకి మొహం కూడా గుర్తు లేదు.

తలుపు తట్టి అద్విక్ తల లోపలికి పెట్టాడు. "మేడమ్, గైడ్లని పరీక్షించే అబ్జర్వర్లు వచ్చేశారు. మిగతా అభ్యర్థులు తర్వాత, ముందు మీ అంకె చూస్తామంటున్నారు. హాల్లో అందరూ ఎదురుచూస్తున్నారు."

"వస్తున్నాను."

గడప దాకా వెళ్లి ఆగింది. ఊరికే, మాటవరసకి అడిగినట్టు అడిగింది. "ఇంతకీ నీకు చెప్పిన సగం కథ ఎవరిదమ్మా?"

పైడమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వద్దులెండి మేడమ్."

"చెప్పు, నేనేమనను."

"మీదేనండి."

"నాదా?"

"మేడమ్, రండి!" అని అద్విక్ తొందరపెట్టాడు. రెక్క పట్టుకుని లాక్కెళ్లినంత పని చేశాడు.

హాలు కిటకిటలాడుతోంది. సమన్విత కుర్చీలో కూర్చుంది. ఎవరో తలకి పట్టీ కట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని తిమింగలాల్ని పిలిచింది, అవి రాలేదు. నా గురించా? నా గురించి గాజువాకలో ఏం చెప్పుకుంటున్నారు? ఎవరు చెప్పారు వాడికి? ఏ సంగతి? జుట్టుకి రంగేసుకునేదా? డైరెక్టర్ పదవి రాకపోతే బాత్‌రూమ్‌లో ఏడ్చిన సంగతా? లేక ఇంకేదైనానా? ఎంతమందికి తెలుసు? ఈ హాల్లో నవ్వుతున్నవాళ్లందరికీ తెలుసా? తనకి తప్ప అందరికీ తెలుసా?

"ఆకలి, నూరు" అంది యంత్రం.

ఆ ముల్లు నూరు ముట్టుకోవడం అదే మొదటిసారి. హాలంతా చప్పట్లు మోగిపోయాయి. అద్విక్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ వయసులో అంత జిజ్ఞాస! ఏ ప్రశ్న మేడమ్ అది? పిల్లలకి చెప్పండి."

సమన్విత తడబడింది. "మానవ స్వభావం" అంది. మళ్లీ చప్పట్లు.

దండలూ ఫోటోలూ అయ్యేదాకా ఆవిడ కళ్లు తలుపు వైపే ఉన్నాయి. ఎలాగో తప్పించుకుని దాదాపు పరుగున వరండాలోకి వచ్చింది. పైడమ్మ మెట్ల దగ్గర కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది. పాపం, శిక్ష కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

"ఇప్పుడు చెప్పు" అంది సమన్విత ఆయాసపడుతూ.

"తిట్టరు కదండి? జోయా గారని, మీ స్నేహితురాలంటండి. ఈ పట్టీ మీరిద్దరూ కలిసి చేశారంట. చేసి జనానికి చూపించాల్సిన రోజు పొద్దున్న, ఆవిడ చెప్పాపెట్టకుండా ల్యాబ్ వదిలి వెళ్లిపోయారంట. ఎందుకు వెళ్లిపోయారంటే... అని ఆపీసారండి."

సమన్విత మెట్ల కమ్మీ పట్టుకుంది. జోయా! ఒకే కంచంలో తిన్న మనిషి. అడిగినవాళ్లందరికీ 'వేరే ఉద్యోగం వచ్చి వెళ్లింది' అని తనే చెప్పింది. చెప్పి చెప్పి, తనూ అదే నిజమనుకుంది. అసలు ఎందుకు వెళ్లిందో తనకీ తెలియదు. తెలుసుకోవాలనిపించిన ప్రతిసారీ మనసులో ఆ తలుపు గట్టిగా మూసేసింది. ఏళ్ల తరబడి మూసి మూసి, దాంతో పాటు తిమింగలాల్నీ కలల్నీ కూడా అవతలే ఉంచేసిందని ఇప్పుడిప్పుడే అనిపిస్తోంది.

"విహాన్ మాస్టారు చెప్పేవి సగం కల్పితాలేనంటారండి మావోళ్లు" అంది పైడమ్మ ఓదార్పుగా. "ఆ జోయా గారు ఉన్నారా అండి?"

"ఉంది. భీమిలిలో."

"ఇక్కడికి ఇక్కడే కదండి! అయితే ఆవిణ్ణే అడిగీయొచ్చు కదా?"

సమన్విత ఫోను తీసింది. జోయా నంబరు అలాగే ఉంది. వేలు దాని మీదికి వెళ్లి ఆగింది. ఎందుకు వెళ్లావే అని అడిగితే, నీ వల్లే అంటే? ఆ మాట జోయా నోట వినడం కంటే, ముక్కూమొహం తెలియని ఒక కోచింగ్ మాస్టారు కట్టిన కథగా వింటే తేలిగ్గా ఉంటుందేమో. నమ్మితే నమ్మొచ్చు, లేకపోతే తోసిపారేయొచ్చు. చిత్రం కాకపోతే, మనుషుల మనసులు కొలిచే శాస్త్రవేత్తకి కూడా ఇదే తోచింది.

ఆవిడ జోయా నంబరు మూసేసి, సీట్ల జాబితా తెరిచింది. రిపోర్టు రాస్తే ఇవాళ వచ్చిన అంకెలన్నీ రద్దవుతాయి. పైడమ్మ తొంభై ఎనిమిదీ పోతుంది, తన నూరూ పోతుంది. గాజువాక సెంటరు మూతపడుతుంది, మాస్టారు ఊరు విడిచి పోతాడు. పైడమ్మ పేరు ఎదురుగా 'గైడు: సమన్విత' అని వేలితో రాసి సంతకం పెట్టింది. నాయనమ్మ నవ్వు మంచి ప్రశ్నే కదా, దానికోసమే ఇచ్చానని తనకి తను గట్టిగా చెప్పుకుంది.

"ఆ మిగతా సగం ఎప్పుడు చెప్తానన్నాడమ్మా?"

"సీటొచ్చాకనండి."

"వచ్చింది" అంది సమన్విత, అప్పటికే మెట్లు దిగుతూ. "లే, గాజువాక బస్సెక్కుదాం."