బాతు బొమ్మ ఉన్న మూల

మధ్యాహ్నం ఎండలో దుప్పట్లు మడతపెడుతున్న బకెత్ చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి. చాకలి ప్రతి దుప్పటి మూలనా దాన్ని కప్పుకునేవాళ్ల పేరు, బొమ్మలే అక్షరాలుగా, నల్ల సిరాతో రాస్తాడు. ఆమెకి చదవడం రాదు. చిన్నకూతురు సెనెత్ పేరులో బాతు బొమ్మ ఉంటుందని, పెద్దది తఖత్ పేరులో ఉండదని మాత్రం తెలుసు.

చేతిలో దుప్పటికి బాతు లేదు. ఇది తఖత్‌దే. మరి తఖత్ శవానికి చుట్టమని ఇచ్చినది...

జ్వరంతో పోయిన పిల్లని ఉప్పులో ఎండబెట్టి, గుడ్డలు చుట్టి, నేటికి డెబ్బై రోజులు. రేపు పొద్దున్నే పూజారి శవం నోరు తెరిచే మంత్రం చదువుతాడు. అప్పుడు గుడ్డమీద ఎవరి పేరుంటే వాళ్లు పైలోకానికి వెళ్లాలి. సెనెత్ ఇంకా వాకిట్లో బొమ్మతో ఆడుకుంటోంది.

బకెత్ ఏటి ఒడ్డున శవాలకి గుడ్డలు కట్టే పందిళ్లదాకా పరుగెత్తింది. లోపల ఉప్పు వాసన, కాగిన జిగురు వాసన, వాటి కింద ఇంకేదో తియ్యటి వాసన. కట్టేవాడు ముసలి హపు. దుప్పట్లిచ్చేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నావని కసిరాడు. కట్టింది విప్పననీ, ఇప్పుడు వేరే గుడ్డ చుట్టననీ అన్నాడు. ఆమె తల రాతికేసి కొట్టుకుంటుంటే చూడలేక కత్తి ఇచ్చాడు.

"పేరు కోసేస్తే పెద్దదానికేం మిగులుతుందమ్మా? అది పేరు వెతుక్కుంటూ తిరుగుతుంది."

"తిరగనీ బాబాయ్. నాకు చిన్నదైనా దక్కాలి."

కత్తి పట్టుకుని శవం మీదికి వంగింది.

ఒక పొర కోసింది. రెండు. ఐదు. ఏడో పొరలో, సరిగ్గా నోటి మీద, బాతు. వేలు తగిలితే సిరా అంటుకుంది... ఇంకా తడి. మూల కోసి లాగింది. కింద గుడ్డ మెల్లగా లోపలికి గుంట పడింది. ఎవరో ఊపిరి పీల్చినట్టు.

హపు వెనక్కి వెనక్కి నడిచి బయటికి పోయాడు.

ఆమె ముక్కని పిడికిట్లో బిగించి ఇంటికొచ్చింది. పిల్ల వాకిట్లోనే ఉంది. అటు తిరిగి కూచుంది.

"సెనెత్."

పలకలేదు.

"సెనెత్... అమ్మనే."

పలకలేదు. వద్దు వద్దనుకుంటూనే బకెత్ నోరు తెరిచింది.

"...తఖత్."

పిల్ల తిరిగింది. పెదాల మీద తెల్లగా ఉప్పు.

"ఎంతసేపమ్మా... నా నోటి మీద గుడ్డ తియ్యడానికి?"

బకెత్ పిడికిలి విప్పింది. ముక్క మీద బాతు లేదు, తెల్లగా ఉంది. పిల్ల నవ్వింది. నాలుక మీద, తడి ఆరని నల్ల బాతు.