వంటింట్లో ఇద్దరు

మా వీధి చివర కాంపౌండరు గారి కొత్తిల్లు ఉంది చూశారూ... కొత్తిల్లని పేరే గానీ కట్టి ఏళ్ళయింది. అందులో దిగినవాళ్ళెవరూ రెండో నెల చూడలేదు. అర్ధరాత్రి వంటింట్లో అడుగుల చప్పుడు. గిన్నెలు జరిపిన చప్పుడు. లేచి లైటు వేస్తే — ఎవరూ ఉండరు.

మాది చిన్న ఊరు. ఇక్కడ ఇంటికి అద్దె బోర్డు కట్టే పని లేదు. ఫలానా ఇల్లు ఖాళీ అవుతోందని కుళాయి దగ్గర మాట పుట్టేలోపే ఎవరో ఒకరు సామాను దించేస్తారు. అలాంటిచోట ఓ ఇల్లు ఖాళీగా పడుందంటే దాని పేరెంత చెడి ఉండాలి!

కాంపౌండరు గారు విసిగిపోయి ఓ షరతు పెట్టారు. ఇల్లు కావాలంటే దిగబోయేవాళ్ళ ఇంటి ఆడమనిషి ముందుగా ఒక రాత్రి ఒంటరిగా అక్కడ పడుకోవాలి. పొద్దున్నే వచ్చి బాగుందంటేనే అద్దె మాట. ఆ తర్వాత దెయ్యం గియ్యం అంటే ఊరుకునేది లేదన్నారు.

ఈ సంగతంతా నాకు చెప్పింది మిషనక్క. దర్జీ కొట్లో మేమిద్దరం పక్కపక్కన కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడతాం. సాయంత్రం ఇంటికెళ్ళాక కూడా ఆవిడ కుడుతూనే ఉంటుంది — అత్తగారింట్లో మెట్ల కింద, తల వంచుకుని, పగలు కూడా లైటు వేసుకుని. కళ్ళు పాడైపోతున్నాయి. కొత్తింట్లో ముందుగదికి ఇంత పెద్ద కిటికీ ఉంది. దాని కింద మిషను వేసుకుంటే చాలు, జన్మకి ఇంకేం అడగనంటుంది.

ఆ మాట కడుపులో దాచుకోకుండా తోడికోడలితో అంది. అక్కడే వచ్చింది చిక్కు.

చిన్నదానికి పెళ్ళయి ఏడాది కాలేదు. ఆ ఇరుకు కొంపలోంచి ఎప్పుడు బయటపడదామా అని అదీ చూస్తోంది. "నువ్వు పడుకుంటావా అక్కా?" అని ముందు మర్యాదగానే అడిగింది. మిషనక్కకి చీకటంటే చచ్చేంత భయం. తలనొప్పంది, రేపు చూద్దామంది. ఆ రాత్రికే చిన్నది చాపా దిండూ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇక చూడాలి మిషనక్క కడుపుమంట! ముద్ద దిగలేదు. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల, సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు, దానికి కావాల్సొచ్చిందా కిటికీ? నాకు దక్కకపోతే మానె, దానికి మాత్రం దక్కకూడదు... ఈ మాట నాతో చెప్పేటప్పుడు కూడా పళ్ళు కొరికింది.

ఇంట్లో అందరూ నిద్రపోయాక తెల్లదుప్పటి ఒకటి తీసుకుని బయల్దేరింది. చీకటికి భయపడే మనిషేనండీ! కుళ్ళుకుంటే ఒంట్లోకి ధైర్యం కూడా వస్తుంది కాబోలు.

పెరటి తలుపు తోసింది. తెరుచుకుంది... లోపల గడియ లేదు.

వంటిల్లు చీకటి గుయ్యారం. దుప్పటి ముసుగేసుకుని, గోడ కోసం చెయ్యి చాపింది —

గోడ తగల్లేదు. ఇంకో చెయ్యి తగిలింది.

పైప్రాణాలు పైనే పోయాయి. అరవబోతే ఆ చెయ్యి గబుక్కున నోరు మూసింది.

"అరవకు... నేనే."

కాంపౌండరు గారి భార్య! ఆవిడకీ తెల్లదుప్పటే. చంకన సంచి, సంచిలో రెండు గిన్నెలు.

"ఇన్నాళ్ళూ మీరేనా, పిన్నిగారూ?"

ఆవిడేనట. ఆ వంటింటి గట్టు మేస్త్రీ పక్కన నిలబడి తన నడుం ఎత్తుకి కట్టించుకుందట. తీరా ఇల్లు పూర్తయ్యాక, పాతిల్లు వదిలి రానని అత్తగారు మొండికేసింది. తల్లి మాటకి ఆయన తలూపి దీన్ని అద్దెకి ఇచ్చేశారు.

"నేను నిలబడాల్సిన చోట ఇంకో ఆడది నిలబడి వండుతుంటే... చూడలేనమ్మా."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదీ వరస. కానీ మిషనక్కకి ఆవిడ మీద కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తన కిటికీ గోడు తానూ వెళ్ళబోసుకుంది. ఇద్దరూ చీకట్లో గట్టుకి ఆనుకుని ముక్కులు చీదుకున్నారు. చివరికి ఓ ఒప్పందానికొచ్చారు. చిన్నదాన్ని తరిమేస్తే మిషనక్క దిగుతుంది. వంటగట్టు పిన్నిగారిదే, ఎప్పుడైనా వచ్చి వండుకోవచ్చు. కిటికీ మాత్రం మిషనక్కది.

ఇక ఇద్దరూ కలిసి గిన్నెలు మోగించారు. మూలిగారు. గోడ గీకారు. ముందుగదిలోంచి కిక్కురుమన్న శబ్దం లేదు. మొద్దునిద్ర పిల్ల అని తిట్టుకుంటూ ఎవరి దారిన వాళ్ళు పోయారు.

తెల్లారాక చిన్నది చాప చుట్టుకుని వచ్చింది. తిన్నగా మెట్ల కిందికి, మిషను దగ్గరికే వచ్చింది.

"రాత్రి మీరిద్దరూ మాట్లాడుకున్నదంతా విన్నానక్కా."

మిషనక్కకి భూమి రెండుగా చీలితే బాగుండుననిపించిందట.

చిన్నది మాత్రం ఒక్క మాట తూలలేదు. కళ్ళు అంత పాడయ్యాయని తనకి తెలియదంది. ఆ ఇంట్లో మా అక్క దిగుతుందని కాంపౌండరు గారికి అప్పుడే చెప్పేసి వచ్చానంది. తాళంచెవి తెచ్చి మిషనక్క చేతిలో పెట్టింది. మిషనక్క దాన్ని పట్టుకుని బావురుమంది. అంత విన్నదానివి, లేచొచ్చి నా జుట్టు పట్టుకోలేకపోయావా అని అడిగింది.

"లేవబోయానక్కా. నువ్వు తోడు పంపావే... నా పక్కన పడుకున్నావిడ, ఆవిడ లేవనివ్వలేదు."

"నేనెవర్నీ పంపలేదే..."

చిన్నది తన చేతికేసి చూసుకుంది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది.

"నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 'ఉండవే, ఈ ఇంటి మీద ఎవరికి ఎక్కువ ఆశుందో విననీ' అంది. మీరిద్దరూ వెళ్ళిపోయాక నవ్వింది... 'మీ అక్కనే పంపు' అంది."