తీసేసిన హోం బటన్

"నా హోం బటన్ ఏడవోయింది?"

మధ్యాహ్నం ఒకటిన్నరకు, ఇంకా చెప్పులైనా విప్పకముందే ప్రేమ్‌రాజ్‌కు ఎదురైన ప్రశ్న అది. అడిగింది స్వరూప. ఛత్రినాకలోని జగదీశ్వర్ ఆన్‌లైన్ సెంటర్లో పొద్దుటి డ్యూటీ ఆమెది, మధ్యాహ్నం నుంచి అతనిది. కంప్యూటర్ మాత్రం ఇద్దరికీ ఒకటే. ఆమె చేరి నెలే అయింది గానీ లొల్లి రోజూ ఉంది.

"తీసేసిన," అన్నాడు తాపీగా.

"ఎవల్నడిగి? మొన్న ప్రింట్ బటన్ తెచ్చి పైన వెట్టినవ్. నిన్న అక్షరాలు పెద్దగ జేసే గుర్తు. ఇది బ్రౌజరా, మీ ఇంట్ల షోకేసా?"

"మంచిగనే ఉంది గదా!"

"నీ మొఖం ఉంది!"

అతను నవ్వాడు. నవ్వితే గుంట పడే ఆ బుగ్గను చూడకుండా ఉండడానికి స్వరూప నానా తంటాలు పడింది. కోపంలో ఉన్న మనిషికి ఇదేం ఖర్మో!

మరునాడు ఓనర్‌తో చెప్పేసింది. "అన్నా, ఆయన ఊకె సెట్టింగులు మారుస్తడు. నాతోని గాదు."

"ఫికర్ జెయ్యకు చెల్లె. సోమవారం సంది వాణ్ణి కంచన్‌బాగ్ షాపుకు పంపుత," అన్నాడు జగదీశ్వర్.

శనివారం పొద్దున్నే ఆమె బ్రౌజర్‌ను మొదట్లో ఉన్నట్టు మార్చేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ హాయి గంటైనా నిలవలేదు. పెన్షన్‌కు దరఖాస్తు చేయడానికి వచ్చిన ముసలామె మాణిక్యమ్మ ఫారం చివరి పేజీకొచ్చేసరికి చెయ్యి జారి హోం బటన్ మీద పడి పేజీయే మారిపోయింది. నింపిందంతా మాయం! మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ట్యాబ్ ఒకటి మూయబోతే విండో మొత్తమే మూతపడింది.

"నా పేరు జర పెద్దగ జూపియ్యి బిడ్డా," అని తెర మీదికి వంగింది మాణిక్యమ్మ. "మొన్న ఆ పిలగాడు జూపిచ్చిండు."

స్వరూప చేతులు ఆగిపోయాయి. చేరిన మొదటి వారం ఇలాగే మూడు ఫారాలు పోగొట్టుకొని ప్రేమ్‌రాజ్ ముందే ఏడ్చింది. ఆ తర్వాత పోవడం తగ్గుతూ వచ్చి, ఈమధ్య ఒక్కటీ పోలేదు. తనకే పని వచ్చేసిందని మురిసిపోయింది కూడా! సిగ్గుతో ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం వానలో తడుస్తూ వచ్చాడు ప్రేమ్‌రాజ్.

"సెట్టింగులన్నీ నా కోసమే మార్చినవా?" అడిగింది.

అతను తల దించుకున్నాడు. "లోపల దాచిపెట్టిన సెట్టింగుల పేజీ ఒకటుంటది. తెరవంగనే జాగ్రత్త అని బెదిరిస్తది. అండ్ల ఒక్కొక్కటి దేవులాడి మార్చిన. నువ్వు మళ్ల ఏడ్వొద్దని."

"నాకు జెప్తే ఏం బోతుండె?"

"నీ తప్పులు ఏరుతున్న అనుకుంటవని భయమైంది."

స్వరూప ఫోన్ తీసి, అతని ఎదుటే జగదీశ్వర్‌కు చేసింది.

"అన్నా, తప్పు నాదే. ప్రేమ్‌రాజ్‌ను ఏడికీ పంపకు."

"సెట్టింగులు మారుస్తడంటివి గదా?"

"మార్చనియ్యి. నాకు ఆయన కావాలె."

"షాపుల పనికా చెల్లె, లేకుంటే..."

"నాకే అన్నా!"

ప్రేమ్‌రాజ్ ముఖం మీద కారుతున్న నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"మళ్లొక్కసారి అను," అన్నాడు నెమ్మదిగా.

ఆమె ఫోన్ పక్కన పెట్టి, అతని కళ్లలోకి చూస్తూ మళ్లీ అంది.