తుడవకముందు చూడు

లాజరస్ శవం బోగోలు తీరంలో వలకు తగిలింది. అతను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్ వేషంలో ఉన్న గూఢచారి శాఖ మనిషి. చనిపోయేముందు ఫోనులో పంపింది రెండే మాటలు: "తుడవకముందు చూడు."

అతని కుర్చీలో ఏజెంట్ ఉష కొత్త టెస్టర్‌గా చేరింది. ఆ కంపెనీ మరపడవలకు పర్మిట్లిచ్చే వెబ్‌సైట్ నడుపుతుంది. ఎండుచేపల గంపతో, మారువేషంలో ఆఫీసు గేటు దగ్గర కూర్చున్న శాఖ చీఫ్ చెంచయ్య పని అప్పజెప్పాడు. పేలుడు సామాను నింపిన విదేశీ పడవ పోలేరమ్మ జాతర నాడు రేవులోకి వస్తుంది. ఏ పర్మిట్‌తో వస్తుందో తేల్చాలి. ఆ రోజు రేవంతా జనం. అందులో ఉష అమ్మ కూడా ఉంటుంది.

ఆఫీసులో ఎవరూ ఆమెతో పలకలేదు. టీమ్ లీడ్ భానుప్రియ మాత్రం ఖరీదైన సెంటు వాసనతో వెనకే నిలబడేది. ఆమె కూడా మన మనిషేనని చీఫ్ నమ్మకం. ఉషకు ఆ నమ్మకం కుదరలేదు.

జాతర పొద్దున టెస్టు మొదలైంది. మనిషి చెయ్యి పడకుండానే బ్రౌజర్ తెరుచుకుని ఉత్తుత్తి పడవలను నమోదు చేసింది. టెస్టు కాగానే డేటాబేస్ తుడిచేసి, పాత కాపీని మళ్లీ పెట్టడం అక్కడి రివాజు. ఉష ఆ రీసెట్‌ను ఆపి లోపలికి చూసింది. టెస్టు నడుస్తున్నది నకలు మీద కాదు, అసలు డేటాబేస్ మీదే! తమ ఊరి ఓబయ్య పేరున కొత్త పర్మిట్ పుట్టింది. పడవ సముద్రం మీద ఉందట. జాతర నాడు ఆ ఊళ్లో ఒక్క పడవ కూడా నీళ్లలోకి దిగదు. అంటే ఆ పర్మిట్ విదేశీ పడవ కోసమే.

జడలో కనకాంబరాల కింద దాచిన మైకులో ఆ సంగతి చెప్పింది.

చెవికమ్మలో చెంచయ్య గొంతు పలికింది. "పర్మిట్ కనపడతా ఉంటే కాపలా బోటోళ్లు ఆపరంట. నేను ఆర్డర్ తెచ్చేలోగా దాటిపోద్ది."

మెడకు చల్లగా పిస్తోలు తగిలింది.

"చెయ్యి తియ్యి," అంది భానుప్రియ. "పడవ దాటినాక నేనే తుడుస్తా. లాజరస్ కూడా ఇట్నే చూసినాడు. చూసినందుకే చంపినా."

"ఓబయ్య మా చిన్నాయనక్కా. ఈ రోజు పడవ ముట్టుకుంటే మా పిన్నమ్మ అన్నం పెట్టదు."

భానుప్రియ చూపు క్షణం పాటు తెర మీదికి మళ్లింది. ఉష రీసెట్ నొక్కి, కుర్చీని వెనక్కి తన్నింది. తూటా పైకప్పులోకి దూరింది. తెర మీద పర్మిట్ మాయమైంది. రేవు ముఖద్వారంలో కాపలా బోటు, అనుమతి లేని పడవకు అడ్డం తిరిగింది.

తలుపు తోసుకొచ్చిన చెంచయ్య భానుప్రియ నెత్తిన గంప బోర్లించి, పిస్తోలు లాక్కున్నాడు.

"సాక్ష్యం తుడిచేసినావు గదమ్మా?" అన్నాడు రొప్పుతూ.

"లాజరన్నను చంపిన సంగతి ఆయమ్మే నా జడలో మైకుకి వినపడేట్టు చెప్పింది. పర్మిట్ సంగతి ముందే నీకు చెప్పినా. చూసే తుడిచినా, మామా."