మాజుంగు గారి టెంట్ కిందికి అతిథులు

“ఆ వీడియోలో కనిపించేది మా ఇంటి టెంట్,” అంది తడి దుప్పటి అవతలి నుంచి ఒక గొంతు.

తీగ మీద బట్టలు ఆరేస్తున్న థోబెకాకు దుప్పటి కింద రెండు పాత బూట్లు మాత్రమే కనిపించాయి. దుప్పటి పక్కకు జరిపి చూసింది. వీధి చివర బొగ్గుల మీద మాంసం కాల్చి అమ్మే మోండ్లి. ఎప్పుడూ నవ్వే మనిషి, ఇప్పుడు నవ్వడం లేదు.

“బాగుంది కదా?” అంది థోబెకా సంతోషంగా. “చాలామంది చూశారు.”

“పెళ్లని చెప్పావు.”

“కాదా?”

“మా నాన్న పోయి ఏడాదైంది. శనివారం మా అమ్మ సంతాపపు నల్లబట్టలు తీసేస్తుంది.”

థోబెకా చేతిలోని క్లిప్పులు గడ్డిలో పడిపోయాయి.

పర్యాటకం చదివి, రెండు నెలల కిందటే ఆమె డర్బన్ శివారు క్వామాషులోని నానమ్మ దగ్గరికి తిరిగొచ్చింది. వచ్చిన మొదటి వారమే ఒళ్లు మండింది. డర్బన్ సముద్రతీరపు హోటళ్ల నుంచి పర్యాటకుల బస్సు వస్తుంది, అద్దాలు దింపరు, లోపల్నుంచే నాలుగు ఫోటోలు తీసుకుంటారు, వెళ్లిపోతారు. వీళ్లను బస్సు దింపి తీరాలని అప్పుడే గట్టిగా అనుకుంది. ఫోన్‌లో వీడియోల పేజీ ఒకటి తెరిచి, గొడుగు నీడలో జుట్టు కత్తిరించే మంగలిని పెట్టింది, అరుగు మీద దుమ్ము లేచేలా ఆడే డాన్సు కుర్రాళ్లను పెట్టింది, ఆవిరి రొట్టె మూత తీసి వేళ్లు కాల్చుకుంటున్న తన గోగోను, అంటే నానమ్మను కూడా పెట్టింది.

సోమవారం వీధికి అడ్డంగా టెంట్ గుంజలు లేచాయి. ఆవును కట్టేశారు. క్యాబేజీలు దిగాయి. ఇన్ని చూశాక ఇంకేం అడగాలి? అలవాటైన ఉత్సాహంతో ఫోన్ ముందు నిలబడి చెప్పేసింది. మా వీధిలో టెంట్ వేస్తే శుభలేఖలు పంచం, పొయ్యి పొగే పిలుపు, శనివారం పెళ్లికి అందరూ రండి, అని. హోటళ్లలోని వాళ్లు వస్తున్నామని వరసగా రాశారు.

ఇప్పుడు ఆమె వీడియో అక్కడికక్కడే తీసేసింది. రావద్దని అందరికీ రాసింది. కొందరి నుంచే జవాబొచ్చింది.

“మిగతావాళ్లొస్తే గేటు దగ్గర ఆపేద్దాం,” అంది.

“ఎలా ఆపుతాం? టెంట్ దాకా వచ్చిన మనిషిని పొమ్మనడం మా ఇంటావంటా లేదు,” అన్నాడు మోండ్లి. “నువ్వు చెప్పినదాంట్లో నిజం అదొక్కటే. కానీ మా అమ్మ బయటికొచ్చే వేళకి వాళ్లు ఫోన్లు ఎత్తారంటే, నీకు ఈ వీధిలో ఇంకే గేటూ తెరుచుకోదు.”

అది బెదిరింపు కాదనీ, ఉన్నమాటేననీ థోబెకాకు తెలుసు.

సంగతి విన్న గోగో కాసేపు తిట్టి, తిడుతూనే మనవరాలి తలకు రుమాలు కట్టి, భుజాల మీద శాలువా కప్పి, మోండ్లి ఇంటికి తీసుకెళ్లింది. లోపల చాప మీద మోండ్లి తల్లి మాజుంగు నల్లబట్టల్లో కూర్చుని ఉంది. సంతాపంలో ఏడాదిగా గొంతు పెంచని మనిషి. థోబెకా మోకాళ్ల మీద కూర్చుని, తప్పు ఎవరి మీదా నెట్టకుండా జరిగిందంతా చెప్పింది.

మాజుంగు నెమ్మదిగా అడిగింది. “వాళ్లకు క్యారెట్లు చెక్కడం వచ్చా అమ్మా?”

థోబెకాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

“టెంట్ కిందికొచ్చినవాడు పని చెయ్యాలి. కూరలైనా తరగాలి, గిన్నెలైనా తోమాలి. పనిచేస్తే మనవాడు. చూస్తూ నిలబడితే పరాయివాడు.”

“చేయిస్తానమ్మా. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటాను. నాది కూడా.”

“మరి నీ పేజీ?” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ మోండ్లి.

“ఆగుతుంది.”

శనివారం పొద్దున్నుంచీ సన్నగా వాన. అతిథులు గొడుగులు తెరిచి, నవ్వుకుంటూ కార్లు దిగారు. గేటు దగ్గర థోబెకా బట్టల తొట్టె పట్టుకుని నిలబడింది. పెద్ద కెమెరా మెడలో వేసుకున్న ఒకాయన, చూడ్డానికే కదా ఇంత దూరం వచ్చామని వాదించాడు.

“ఇది చూసే చోటు కాదండీ, కూర్చునే చోటు,” అందామె. “ఇష్టం లేకపోతే కారు ఇంకా ఇక్కడే ఉంది.”

ఆయన భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. థోబెకా తొట్టె మాత్రం దించలేదు. మిగతావాళ్లు ఫోన్లు అందులో వేశారు. కాసేపట్లో హోటల్ అతిథులు వీధి ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుని, క్యారెట్లు మరీ లావుగా చెక్కుతున్నారని తిట్లు తింటూ చెక్కుతున్నారు.

పెద్దలకు మోకాళ్ల మీద కూర్చుని పళ్లేలు అందిస్తున్న థోబెకాను చూసి, పక్క వీధి ఆడవాళ్లు మోండ్లి కొత్త కోడలిని ఎప్పుడు తెచ్చుకున్నాడని ఆరా తీశారు. ఇక్కడి కోడళ్లు కట్టుకునే తలరుమాలూ శాలువా చేసిన నిర్వాకం అది. ఆమె గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికెళ్లింది.

“కాదని చెప్పవేం?”

“ఎవరికి?” అన్నాడు మోండ్లి మాంసం తిప్పుతూ.

“నన్ను కోడలనుకునేవాళ్లకి.”

“తీరిక లేదు. మాంసం మాడిపోతుంది.”

మాంసం మాడడం లేదని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మాజుంగు నారింజ రంగు కొత్త బట్టల్లో గడప దాటింది. ఆడవాళ్ల కేరింతలు టెంట్‌ను ఊపేశాయి. అతిథులు తడి చేతులతో లేచి నిలబడ్డారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఇంత అందమైన దృశ్యం తన పేజీలోకి రాదు కదా అని థోబెకా వేళ్లు ఫోన్ కోసం తహతహలాడాయి. ఆ వేళ్లను గిన్నెలు తోమే నీళ్లలో ముంచేసింది.

సాయంత్రం ఫోన్లు తిరిగి ఇస్తుంటే ఎదురింటి పెద్దావిడ వచ్చింది. వచ్చే నెల తన భర్త సమాధికి రాయి నిలబెడుతున్నారట. “మీవాళ్లు గిన్నెలు బాగా తోముతారు. మా ఇంటికీ పంపు,” అని, జవాబు కోసం ఆగకుండానే వెళ్లిపోయింది.

థోబెకాకు గంతులేయాలనిపించింది. చేతిలో పెద్ద మూడు కాళ్ల ఇనప కుండ ఉంది కాబట్టి ఆగింది. మోండ్లి రెండో పక్క పట్టుకున్నాడు.

“వాళ్లు మళ్లీ వస్తారు,” అన్నాడు. “నువ్వు?”

“నేనెక్కడికి పోతాను? ఈ వీధిలోనేగా ఉంటాను.”

“వీధి సంగతి కాదు. మా గేటు లోపలికి, ఏ పనీ లేకపోయినా, నాకోసం వస్తావా అని.”

పొగ మసి అంటిన అతని ముఖం చూసి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వలేదు, ఇది నవ్వాల్సిన మాట కాదు.

“వస్తాను,” అంది. “ముందు ఇది లోపలికి మోద్దాం పద, చేతులు లాగేస్తున్నాయి.”

ఇద్దరూ అడుగులో అడుగు కలిపి కుండను గేటు దాటించారు. గడపలో నిలబడ్డ మాజుంగు వాళ్లిద్దరినీ తేరిపార చూసి, కొత్త బట్టల అంచు పైకెత్తి పట్టుకుని పక్కకు జరిగింది.

“నెమ్మదిగా నాన్నా,” అంది, ఏడాది తర్వాత వీధంతా వినిపించేలా. “అమ్మాయి వైపు బరువు పడనీకు.”