యాంకర్ గ్రిల్‌లో ఎంగిలి ప్లేటు

మా పెదనాన్న సూబ్రాయన్ ఫోటోకి ఏటా దండ వేస్తారు. మా తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కి వచ్చి స్థిరపడ్డ ఈ మార్‌బర్గ్‌లో ఆయన్ని మంచివాడు అనని మనిషి లేడు, నేను తప్ప. ఆ ఫోటో ముందు నేను నిలబడను. ఒక్క ప్లేటు తిండి కోసం ఆయన నన్ను గడప దాటించాడు. పోనీ ఆ తిండైనా నేను సుఖంగా తిన్నానా అంటే అదీ లేదు.

అయినా ఇది ప్రేమ కథే. కోపం పక్కన పెట్టి చెప్పడానికి చూస్తాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. స్టాండర్డ్ సిక్స్‌తో బడి మానేసి పెదనాన్న తోటలో పనికి చేరాను. మా నాన్న పోయాక ఆయన వాటా కూడా పెదనాన్న పేరు మీదే ఉంది. "పెళ్ళి చేసుకోరా లోగన్, మర్నాడే రాసిచ్చేస్తా" అనేవాడు. నేను బీన్స్, బంగాళదుంపలు, లెట్యూస్ బక్కీ ట్రక్కు వెనకాల వేసుకుని పోర్ట్ షెప్‌స్టన్ షాపులన్నీ తిరిగేవాణ్ణి.

సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద యాంకర్ గ్రిల్ ఉండేది. ముందు బార్, లోపల టేబుళ్ళు, రోడ్డు దాకా కాలుతున్న మాంసం వాసన. అది తెల్లవాళ్ళ చోటు. మనలాంటి వాళ్ళకి పక్క సందులో ఒక కిటికీ పెట్టారు. డబ్బులు లోపలికి, పొట్లం బయటికి, అంతే. చట్టం మారింది, తలుపు మీది 'తెల్లవాళ్ళకి మాత్రమే' బోర్డు తీసేశారు. తీసేసి ఏడాదైనా ఆ బోర్డు ఉన్నచోట పెయింట్ కొత్తగా మెరుస్తూనే ఉంది. నేను ఇంకా కిటికీ దగ్గరే నిలబడేవాణ్ణి.

అక్టోబర్‌లో ఒక శుక్రవారం. వాన ఎటునుంచి పడుతోందో తెలియకుండా పడుతోంది. సందులో గోడకి అతుక్కుని నా పొట్లం కోసం చూస్తున్నాను. ముందు తలుపు తీసి ఒక అమ్మాయి తల బయట పెట్టింది. పసుపు రంగు బ్లౌజు, చెవులకి పెద్ద రింగులు. కోపంలో ఉన్నా చూడబుద్ధేసే మొహం.

"హలో. మా టేబుల్ మీద టొమాటో సాస్ లేదు. ఎంతసేపు మ్యాన్?"

నా గమ్‌బూట్లు చూసి పనివాణ్ణి అనుకుంది. నేను కస్టమర్ని అని చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది.

"సారీ మేడమ్" అన్నాను.

వెనక గుమ్మానికి పరిగెత్తి, కిచెన్‌లో పనిచేసే విల్‌ఫ్రెడ్ దగ్గర సీసా తీసుకుని, తలుపు బయట నిలబడి అందించాను. ఆ అమ్మాయి నా చేతిలో ఇరవై సెంట్లు పెట్టింది. అవీ తీసుకున్నాను.

మళ్ళీ శుక్రవారం ఆమే గొడుగేసుకుని సందులోకి వచ్చింది.

"నువ్విక్కడ పని చెయ్యవట."

"లేదండీ."

"మరి సాస్ ఎందుకు తెచ్చావు?"

"మీరు అడిగారు."

"ఏది అడిగినా తెస్తావా?"

"బరువును బట్టి."

నవ్వింది. గొడుగు నా వైపు కాస్త వంచింది, దాంతో అంచు మీది నీళ్ళన్నీ నా మెడలోకి జారాయి. కదలకుండా నిలబడ్డాను.

పేరు జోలీన్. ఇళ్ళకి అప్పులిచ్చే బిల్డింగ్ సొసైటీలో కౌంటర్ పని. వాళ్ళ తాతల కాలంలో మనవాళ్ళే, తర్వాత చర్చిలో కలిశారు. ఇంట్లో అంతా ఇంగ్లీషే.

"తెలుగు అస్సలు రాదా?" అన్నాను.

"మా అవ్వ తిట్టడం మాత్రం తెలుగులోనే తిట్టేది. తిట్లన్నీ వచ్చు."

"ఒకటి తిట్టండి వింటాను."

"అంత పరిచయం అవలేదు కదా ఇంకా."

అవుతూ వచ్చింది. ఆ వానలన్నాళ్ళూ మా శుక్రవారాలు బక్కీలోనే గడిచాయి. కిటికీ దగ్గర చికెన్, చిప్స్ తీసుకుని రోడ్డవతల బండి ఆపేవాణ్ణి. ఆమె చెప్పులు విప్పి కాళ్ళు డాష్‌బోర్డ్ మీద పెట్టుకునేది. చర్చిలో పాడే పాటల్ని పెదాల మధ్యే కూనిరాగం తీసేది. నా చిప్స్‌లో మంచి మంచివి ఏరి తినేది. నేను అద్దం తుడిచే వంకతో ఆమెను చూసేవాణ్ణి.

"లోగన్, ఈరోజు లోపల కూర్చుందాం."

"బూట్లకి బురద."

ఇంకో వారం:

"బూట్లు శుభ్రంగా ఉన్నాయి. నేను చూశాను."

"ఇక్కడైతే సముద్రం కనిపిస్తుంది కదా."

"ఇక్కణ్ణుంచి కనిపించేది పెట్రోల్ పంపు, లోగన్."

మార్చిలో ఆమె సహనం అయిపోయింది. ఆ రోజు కాళ్ళు కిందే పెట్టుకుంది.

"నాకు అర్థమైంది. నీకు నేనంటే సిగ్గు. చర్చి పిల్లను కదా. మీ సూబ్రాయన్ పెదనాన్నకి తెలుస్తుందని భయం."

అది కాదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఇలాంటి వానలోనే, మా నాన్న దుంపల పెట్టె భుజాన పెట్టుకుని తొందరలో ఆ ముందు తలుపు నుంచి వెళ్ళాడు. ఆయన చొక్కా పట్టుకుని నేను. లోపల ఎవరూ అరవలేదు. ఫోర్కులు ఆగాయంతే. మేనేజర్ ఒక మాప్ తెచ్చి మా నాన్న అడుగులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ మా వెనకే తలుపు దాకా వచ్చాడు. మా నాన్న నవ్వుతూ "సారీ బాస్, సారీ బాస్" అంటూనే ఉన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ ఒంటి మీద పాకుతుంది.

అదంతా చెబుదామని నోరు తెరిచాను.

"చిప్స్ చల్లారిపోతున్నాయి" అన్నాను.

"చవట" అంది జోలీన్, తెలుగులో.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. రేపు షాల్‌క్రాస్ నుంచి ఒక అబ్బాయి తల్లితో పెళ్ళిచూపులకి వస్తున్నాడు. బ్యాంకు ఉద్యోగం. జోలీన్ అన్న గ్రెగ్ లంచ్ ఇదే గ్రిల్‌లో పెట్టాడు.

"నన్ను కావాలనుకుంటే రా. ముందు తలుపు నుంచి. ఏం మాట్లాడక్కర్లేదు, నా పక్కన కూర్చో చాలు. రాకపోతే వాళ్ళకి ఎస్ చెప్పేస్తాను. నాకు ఏడుస్తూ కూర్చునే అలవాటు లేదు."

శనివారం తెల్లచొక్కా వేసుకున్నాను. తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, లోపలికి వెళ్ళేవాళ్ళు కార్లు పెట్టే పనివాణ్ణనుకుని నాకు తాళాలు ఇవ్వబోయారు. చివరికి తోసుకుని లోపలికి అడుగుపెట్టాను. వెనక్కి తిరిగి నేల చూశాను. పొడిగానే ఉంది.

విల్‌ఫ్రెడ్ ఇప్పుడు వెయిటర్. ట్రేతో ఆగిపోయాడు.

"దుంపలు వెనకనుంచి కదా, లోగన్."

"దుంపలు తేలేదు. నేనే వచ్చాను."

విల్‌ఫ్రెడ్ ట్రే కింద పెట్టి, జోలీన్ పక్కకి కుర్చీ జరిపాడు.

"ఇది ఫ్యామిలీ లంచ్, లోగన్" అన్నాడు గ్రెగ్.

"తెలుసు అన్నా. ఆకలేస్తోంది."

ఎదురుగా పెళ్ళికొడుకు జే. పాపం మంచివాడిలాగే ఉన్నాడు. పక్కన అతని తల్లి థెల్మా ఆంటీ, చేతిసంచిలో బైబిల్. జోలీన్ తలొంచుకుని తన చికెన్ తింటోంది. ఆమె చెవి రింగు మాత్రం ఆగకుండా ఊగుతోంది.

మెనూ ఇచ్చారు. అందులో తిండి పేర్లే లేవు. కెప్టెన్, అడ్మిరల్, లైట్‌హౌస్, ఇవే ఉన్నాయి. కిటికీ దగ్గర ఎప్పుడూ "చికెన్ చిప్స్" అనడమే గాని ఆ అట్ట ఎన్నడూ పట్టుకోలేదు. ఏది ఏమిటని అడిగితే బ్యాంకు వాడి ముందు పరువు పోతుంది. మధ్యలో ఎక్కడో వేలు పెట్టాను.

"అడ్మిరలా?" అన్నాడు విల్‌ఫ్రెడ్, కనుబొమ్మలెత్తి.

"రోజూ అదే తింటాను."

వచ్చింది. ప్లేటు పట్టనంత గొడ్డు మాంసం, మధ్యలో ఎముక. మా ఇంట్లో ఆ మాట కూడా పైకి అనరు. వెనక్కి పంపాలంటే తెలియక అడిగానని ఒప్పుకోవాలి. అందరూ నా వైపే చూస్తున్నారు. కత్తి ఏ చేతిలోనో, ఫోర్క్ ఏ చేతిలోనో. ఒక ముక్క కోశాను. దాన్ని ఫోర్క్‌కి గుచ్చి సగం దాకా లేపాను. అక్కడ నా చెయ్యి ఆగిపోయింది. దించలేను, పెట్టుకోలేను.

జోలీన్ నా చేతిలో ఫోర్క్ తీసుకుని ఆ ముక్క తన నోట్లో పెట్టుకుంది. నా ప్లేటు తన వైపు లాక్కుంది. తను సగం తిన్న చికెన్ ప్లేటు నా ముందుకి జరిపింది.

"తిను" అంది.

తల దించుకుని తిన్నాను. ఆమె కొరికిన చోటునుంచే.

థెల్మా ఆంటీ చెంచా కింద పెట్టింది. దేవుడి గది తీసేసి చర్చిలో కలిసి ముప్ఫై ఏళ్ళయిన మనిషి, ఇంట్లో తెలుగు ముక్క లేదు. ఆమె నోట్లోంచి ఒకే మాట వచ్చింది.

"ఎంగిలి."

"అంటే ఏంటమ్మా?" అన్నాడు జే.

"నువ్వు తిను నాన్నా." తర్వాత గ్రెగ్ వైపు తిరిగింది. "గ్రెగ్, మీ చెల్లికి పెళ్ళయిపోయింది. మనకి చెప్పలేదు, అంతే."

జోలీన్ నా మాంసం ఎముక దాకా తినేసింది. నేను ఆమె చికెన్ పూర్తి చేశాను.

"ఇంకో ప్లేటు చిప్స్ తెమ్మను" అన్నాడు చివరికి గ్రెగ్. "ఇద్దరూ ఇంకా ఆకలిగానే ఉన్నట్టున్నారు."

బయట బక్కీలో మా నాన్న సంగతి ఆమెకి చెప్పాను. "నువ్వంటే సిగ్గు కాదు జోలీన్. నేనంటేనే నాకు" అన్నాను. ఆమె నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

నేను ఇల్లు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. పెదనాన్న వరండాలో ఉన్నాడు.

"గొడ్డు మాంసం తిన్నావట."

"లేదు పెదనాన్నా. చికెన్."

ఆయన మొహం తేరుకుంది. "నేనూ అదే అన్నాను. ఎవడో గిట్టనివాడు పుట్టించి ఉంటాడు."

"జోలీన్ ప్లేట్లోది."

ఊగే కుర్చీ ఆగింది. బుజ్జగింపుగా అన్నాడు: "ఇదిగో లోగన్. ఆ పిల్ల ఎంగిలి తినలేదని చెప్పు. నాతో ఒక్కసారి అను, ఊరికి నేను చెప్పుకుంటాను. సోమవారం లాయర్ దగ్గరికి పోయి మీ నాన్న వాటా రాసిస్తా."

ఒక్క మాట. ఎవరికీ నష్టం లేని అబద్ధం. కానీ అంటే, గ్రిల్‌లో జోలీన్ పక్కనున్న ఆ కుర్చీలోంచి నేను లేచి వెళ్ళిపోయినట్టే.

"తిన్నాను పెదనాన్నా. అందరి ముందూ తిన్నాను."

"తాళాలు అక్కడ పెట్టు" అన్నాడు.

బక్కీ తాళాలు గోడ మీద పెట్టి వానలో నడిచాను. జోలీన్ తలుపు తీసి, తడిసిన నన్ను పైనుంచి కింద దాకా చూసి, "లోపలికి రా, ముందు నుంచే" అంది. సెప్టెంబర్‌లో గ్రెగ్ మా పెళ్ళి జరిపించాడు.

ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్లో ఇంకొకళ్ళ కూరగాయలు తూకం వేస్తున్నాను. బాధగా ఉందా అని జోలీన్ అప్పుడప్పుడు అడుగుతుంది. లేదంటాను. నమ్మదు, నమ్మకపోవడమే న్యాయం. ఆమె పక్కన కూర్చున్నందుకు ఒక్కరోజు కూడా చింతించలేదు. పెదనాన్నని మాత్రం క్షమించలేదు. మా నాన్న వాటాని ఆయన తన అల్లుడికి రాశాడు: మార్‌బర్గ్‌లో, పెద్దరోడ్డు నుంచి వాగు దాకా, బోరుతో సహా, రెండెకరాల ముప్పావు.